పెరటి చిక్కుడు: కొంటా ప్రాంతపు ఆహారమున దాని స్థానము

కొంటా ఛత్తీస్‌గఢ్ రాష్ట్రమునకు దక్షిణపు కొసన, శబరీనది ఒడ్డున నున్న చిన్న పట్టణము. నదికి ఆవలిగట్టు ఒడిశా. రహదారి వెంట దక్షిణముగా కొలదిదూరము పోయినచో ఆంధ్రప్రదేశ్‌లోని చింతూరు వచ్చును. జగదల్‌పూర్ నుండి విజయవాడకు పోవు జాతీయ రహదారి ఈ ఊరిమీదుగనే సాగును. ఒకప్పుడు బస్తరు జిల్లాలోను, 1998 తరువాత దంతెవాడ జిల్లాలోను ఉండిన ఈ తాలూకా 2012లో సుకుమా జిల్లాలో చేరినది. తెలుగు, దోర్లీ, గోండీ, హల్బీ, హిందీ భాషలు ఇచట ఒకే సంతలో వినవచ్చును. ఒకే కాయను తెలుగువారు చిక్కుడనియు, హిందీ మాటలాడువారు సేమ్ అనియు, సేమీ అనియు అడిగి కొందురు.

ఇన్ని భాషలవారు కోరి తిను కాయ మరియొకటి అరుదు. గోదావరీ లోయలోని కోయలు తొలికాపు చిక్కుడును వేల్పులకు అర్పింపక ముందు నోటబెట్టరు. ఆ కొత్తను వారు చిక్కుడు పండుగగా జరుపుకొందురు. ఆంధ్రదేశమున రథసప్తమినాడు చిక్కుడుకాయలతో రథము కట్టి, చిక్కుడాకులలో పరమాన్నము నివేదించుట ఆచారము. ఆ పండుగ మాఘమాసమున, అనగా చిక్కుడు విరివిగా కాయుచుండు దినములలోనే, వచ్చుట గమనింపదగినది.

పేరు విషయమున ఒక పొరపాటు

ఆంగ్లమున "బ్రాడ్ బీన్సు" అను పేరు రెండు వేర్వేరు మొక్కలకు వాడుకలో నున్నది. మన అంగళ్లలోను, కూరగాయల పట్టికలలోను ఆ పేరు చిక్కుడుకే వ్రాయుదురు. కాని ఐరోపా, పశ్చిమాసియా దేశములవారు ఆ పేరుతో పిలుచునది వేరొక మొక్క. దానిని హిందీలో బాకలా అందురు. చిక్కుడు తీగజాతి, బాకలా నిటారుగా నిలిచి రెండు మూడడుగులు పెరుగు మొక్క. చిక్కుడు ఎండకు ఓర్చును; బాకలా చలిని కోరును. అందువలన బాకలా ఉత్తరభారతమున శీతకాలపు పంటగా పండును గాని, శబరీతీరమువంటి పల్లపు వేడి నేలలకు తగదు. కొంటాలో పెరటికి తగినది చిక్కుడే.

ఈ భేదము కేవలము వృక్షశాస్త్రజ్ఞులకు సంబంధించినది కాదు. బాకలా కొందరికి ప్రాణాపాయము కలిగింపగలదు. చిక్కుడు అట్లు చేయదు. ఆ సంగతి ముందు వివరింపబడును.

ఆహారమున కొరత ఎచ్చట నున్నది?

కొంటా ప్రాంతపు సామాన్య కుటుంబమునకు అన్నమే ప్రధానాహారము. దానికి తోడు జావ, అడవి ఆకుకూరలు, ఋతువునుబట్టి దొరకు దుంపలు, అప్పుడప్పుడు చేపలు. కడుపు నిండినను శరీరమునకు కావలసిన వస్తువులన్నియు ఇందులో చాలినంతగా ఉండవు. ముఖ్యముగా తక్కువపడునవి మాంసకృత్తులు, ఇనుము.

ఒక చిన్న లెక్క చూడవచ్చును. 55 కిలోల బరువుగల స్త్రీకి దినమునకు సుమారు 46 గ్రాముల మాంసకృత్తులు కావలెనని భారత వైద్య పరిశోధన మండలి 2020లో నిర్ణయించినది. నూరుగ్రాముల బియ్యములో నుండునవి 7 లేక 8 గ్రాములు. కావున 400 గ్రాముల బియ్యము వండుకొని తిన్నను సుమారు 30 గ్రాములే లభించును. ఎండు చిక్కుడుగింజలలో నూటికి 20 నుండి 25 గ్రాముల వరకు మాంసకృత్తులు కలవు. 60 గ్రాముల గింజలు, అనగా రెండు పిడికిళ్లు, ఆ దినపు కూరలోనో పులుసులోనో చేరినచో మరి 12 లేక 13 గ్రాములు కూడి కొరత చాలవరకు తీరును.

పరిమాణము మాత్రమే కాదు. మాంసకృత్తులు అమైనో ఆమ్లములను చిన్న చిన్న భాగములతో నిర్మింపబడినవి. బియ్యపు మాంసకృత్తులలో లైసిన్ అను ఆమ్లము తక్కువ. పప్పుధాన్యములలో అది పుష్కలము. పప్పుధాన్యములలో తక్కువైన మెథియోనిన్ బియ్యములో చాలినంత కలదు. రెండును కలిపి తినునప్పుడు ఒకదాని లోపమును మరియొకటి పూరించును. మూడుపాళ్లు ధాన్యమునకు ఒకపాలు పప్పు అను లెక్క ఇందుకు అనుకూలము. మన పెద్దలు అన్నములో పప్పు కలుపుకొని తినుట రుచికొరకే కావచ్చును గాని, దానిలోని యుక్తిని ఆహారశాస్త్రము తరువాత నిరూపించినది.

లేతకాయకును గింజకును గల తేడా

చిక్కుడుకాయ కూర వండుకొనువారు అందరును బలమైన ఆహారము తినుచున్నామని తలంతురు. ఇది కొంతవరకే నిజము. లేతకాయలో నూటికి 85 పాళ్లకు పైగా నీరే యుండును. మాంసకృత్తులు నూటికి 2 నుండి 4 గ్రాములకు మించవు. లేతకాయ మంచి కూరగాయ: పీచుపదార్థము, కొంత "సి" విటమిను, ఫోలిక్ ఆమ్లము అందులో లభించును. కాని అది పప్పునకు బదులు కాజాలదు. పప్పు పని చేయునది ముదిరిన గింజ.

కావున పందిరిమీది కాపునంతయు లేతగా కోసి తినుటయో, అమ్మివేయుటయో మేలుగాదు. మొదటి కోతలు కూరకు వాడుకొని, పుష్యమాసము మొదలు కొన్ని గుత్తులను ముదురనీయవలెను. పచ్చిగింజ నిండినపుడు కొన్ని, తీగమీదనే ఎండిన పిదప కొన్ని కోసికొనవచ్చును. ఎండుగింజలు వేసవిలోను, వానకాలపు తొలిదినములలోను, అనగా పెరటిలో కూర దొరకనప్పుడు, అక్కరకు వచ్చును. తెలంగాణమున అనుములు, అనపగింజలు అని వాడునవి ఈ జాతివే. రాయలసీమలో గింజలను నానవైచి, తొక్కనుండి పితికి తీసి వండు పితికిపప్పు ప్రసిద్ధము. కొంటా వంటిండ్లలో ఈ పద్ధతి ప్రవేశపెట్టుట కష్టము కాదు. పొట్టు పోవుటచేత పిల్లలకును వృద్ధులకును అది సుళువుగా అరుగును.

రక్తహీనతయు చిక్కుడును

2019–21లో జరిగిన జాతీయ కుటుంబారోగ్య సర్వే ప్రకారము మనదేశమున 15 నుండి 49 ఏండ్ల వయసుగల స్త్రీలలో నూటికి 57 మందికిని, ఐదేండ్లలోపు పిల్లలలో నూటికి 67 మందికిని రక్తహీనత కలదు. మలేరియా, కొంకిపురుగు, తినుటలో ఇనుము చాలకపోవుట – ఈ మూడును కూడిన అటవీప్రాంతములలో దీని బాధ మరింత తీవ్రము.

చిక్కుడుగింజలలో ఇనుము కలదు. నూటికి సుమారు 3 నుండి 5 మిల్లీగ్రాములు. అయినను వృక్షాహారములోని ఇనుము అంతయు ఒంటబట్టదు. గింజలలోని ఫైటిక్ ఆమ్లము దానిని కొంత పట్టి యుంచును. గింజలను రాత్రి నానవేసి ఆ నీరు పారబోయుటచే ఫైటిక్ ఆమ్లము తగ్గును. మొలకెత్తించినచో ఇంకను తగ్గును. భోజనముతోపాటు "సి" విటమిను తీసికొనినచో ఇనుము బాగుగా ఒంటబట్టును. అడవిలో దొరకు ఉసిరికాయ, పెరటి నిమ్మ, జామ ఇందుకు చాలును. కూర పొయ్యిమీదనుండి దించిన పిదప నిమ్మరసము పిండుట మేలు. ఉడుకుచుండగా పిండినచో "సి" విటమిను కొంత నశించును. భోజనము చేసిన వెంటనే తేనీరు త్రాగు అలవాటు ఇటీవల గ్రామములకును ప్రాకినది. అది ఇనుమును అడ్డగించును గనుక గంటసేపు ఆగి త్రాగవలెను.

ఇంత చెప్పినను, చిక్కుడు తినినంతమాత్రమున రక్తహీనత నయమగునని ఎవరును నమ్మరాదు. స్త్రీకి దినమునకు కావలసిన ఇనుము సుమారు 29 మిల్లీగ్రాములు. రెండు పిడికిళ్ల గింజలిచ్చునది రెండు మూడు మిల్లీగ్రాములు మాత్రమే. గర్భిణులకు ప్రభుత్వము ఉచితముగా ఇచ్చు ఇనుము, ఫోలిక్ ఆమ్లపు మాత్రలను దినమున కొకటి చొప్పున 180 దినములు తప్పక మ్రింగవలెను. మాత్రలు వేసికొన్నచో బిడ్డ పెద్దదై కాన్పు కష్టమగునను మాట పల్లెలలో వినబడును. అందులో నిజము లేదు. కాన్పు కష్టమగుటకు తల్లి రక్తహీనతయే పెద్ద కారణములలో ఒకటి.

కొడవలికణ వ్యాధి గలవారి సంగతి ప్రత్యేకము. మధ్యభారతపు గిరిజనులలో ఈ వ్యాధి వంశపారంపర్యముగా కలదు. దీని నిర్మూలనకై జాతీయకార్యక్రమము 2023 జూలై 1వ తేదీన మధ్యప్రదేశ్‌లోని షహ్‌డోల్‌లో ప్రారంభింపబడినది. ఈ రోగుల రక్తకణములు త్వరగా నశించుటచే క్రొత్త కణముల నిర్మాణమునకు ఫోలిక్ ఆమ్లము ఎక్కువగా కావలెను. చిక్కుడు, ఆకుకూరలు వీరికి మంచివి. అయినను వైద్యుడిచ్చిన ఫోలిక్ ఆమ్లపు మాత్రను మానరాదు. వైద్యుడు చెప్పనిదే ఇనుపమాత్రలను తమంతట తాము వాడరాదు.

సాగు

చిక్కుడునకు విశేషమైన నేల అక్కరలేదు. నీరు నిలువని నేల కావలెను. కొంటాలో ఇది ముఖ్యవిషయము. గోదావరి పొంగినపుడు శబరీజలము పోవుటకు దారిలేక వెనుకకు తన్నును. 2022 జూలైలో భద్రాచలమువద్ద గోదావరి 70 అడుగులు దాటినపుడు కొంటాలోని పల్లపు వాడలు నీట మునిగినవి. నదికి దగ్గరనున్నవారు ఇంటి అరుగుకంటె మెరకైనచోట పాదులు చేయవలెను. అట్టి చోటు లేనివారు వరద భయము తగ్గినపిదప, ఆగస్టు నెలాఖరున విత్తినను నష్టము స్వల్పమే.

దీనికి కారణము చిక్కుడుతీగ స్వభావమున కలదు. నాటు చిక్కుడు జాతులు ఎప్పుడు విత్తినను పగటి ప్రొద్దు తగ్గువరకు పూయవు. జూన్‌లో విత్తిన తీగ వానకాలమంతయు ఆకులే వేయును. ఆశ్వయుజ కార్తికములలో రాత్రులు పెరిగిన పిదప పూత పట్టి, మాఘమువరకు కాయును. వానకాలమున పూత రాలేదని తీగను పెరికివేయువారు కొందరు కలరు. వారు కొలదివారములు ఓపిక పట్టినచో ఫలము పొందియుందురు. ప్రొద్దుతో నిమిత్తము లేక పూయు పొదజాతులును కలవు. బెంగుళూరు సమీపమున హెసరఘట్టలోని ఉద్యాన పరిశోధన సంస్థవారు తయారుచేసిన అర్క జయ్, అర్క విజయ్ అనునవి ఇట్టివి. వీనికి పందిరి అక్కరలేదు. అయితే కొద్ది చోటున ఎక్కువ నెలలు కాయునది పందిరి చిక్కుడే గనుక పెరటికి అదియే మేలు.

ఒక కుటుంబమునకు మూడు నాలుగు పాదులు చాలును. తొలకరి వానలు పడిన పిదప, మూరెడు వెడల్పు, మూరెడు లోతుగల గోతులు త్రవ్వి, పైమట్టికి సమానముగా బాగుగా చివికిన పశువుల ఎరువు కలిపి నింపవలెను. పచ్చిపేడ వేసినచో వేరుపురుగు చేరును. ఒక్కొక్క పాదులో మూడు గింజలు అంగుళము లోతున నాటవలెను. వారములోపల మొలకలు వచ్చును. అందులో బలమైనవి రెండు ఉంచి మూడవదానిని తీసివేయవలెను. పాదునకు పాదునకు నడుమ రెండు గజములైన ఉండవలెను. తీగ జానెడు పెరిగినపుడే వెదురుకర్ర నాటి ప్రాకించినచో సులువు. బస్తరు అడవులలో వెదురునకు కొదువ లేదు. ఇంటి ముంగిట మంచెవలె వేసిన పందిరి వేసవి వచ్చువరకు నీడ కూడ ఇచ్చును.

చిక్కుడు వేళ్లమీద చిన్న బుడిపెలుండును. వీనిలో నివసించు సూక్ష్మజీవులు గాలిలోని నత్రజనిని గ్రహించి మొక్కకు అందించును. అందువలన యూరియావంటి ఎరువులు దీనికి అక్కరలేదు. వేసినచో తీగ ఆకుగా బలిసి కాపు తగ్గును. పొయ్యిబూడిద పిడికెడు పాదుచుట్టును చల్లుట మంచిది. కాపు ముగిసిన పిమ్మట తీగను నేలమట్టమునకు కోసి, వేళ్లను నేలలోనే విడువవలెను. మరుసటి పంటకు అవి ఎరువగును.

వానలు వెనుకబట్టిన తరువాత వారమునకు రెండు పర్యాయములు నీరు పోసిన చాలును. వంటింటినుండియు, స్నానపుచోటునుండియు పోవు నీటిని చిన్న కాలువ తీసి పాదులకు మరలించుట ఉత్తమము. ఇంటివెనుక మురుగు నిలిచిన చోట దోమలు గ్రుడ్లు పెట్టును; ఆ నీరు నేలలో ఇంకినచో వానికి తావుండదు. పాదులో సయితము నీరు నిలిచియుండనీయరాదు.

పూతకాలమున పేనుబంక లేతకొనలను పట్టును. నల్లని పేలవలె గుంపుగా నుండు ఈ పురుగులు రసము పీల్చి కొనను ముడుచుకొనజేయును. మొదట కనబడినపుడే ఆ కొనలను త్రుంచి కాల్చివేయుట అన్నిటికంటె సులభమైన ఉపాయము. వ్యాపించినచో వేపగింజలను దంచి, రాత్రి నానవేసి, వడగట్టిన నీటిలో కొంచెము సబ్బు కలిపి సాయంకాలమున చల్లవలెను. కాయలను తొలుచు పురుగు పట్టిన పూలను, కాయలను ఏరివేయవలెను. పత్తిపైరుకు తెచ్చిన విషపుమందు ఇంటనున్నది గదా యని పందిరిపై చల్లుట మహాప్రమాదము. మూడు నాలుగు దినముల కొకసారి కోసి తిను కాయమీద అట్టి మందు నిలిచియే యుండును.

వంట

ఎండు చిక్కుడుగింజలను పచ్చిగా తినరాదు. వానిలో జీర్ణమునకు ఆటంకము కలిగించు పదార్థములును, నల్లని గింజలలో కొంత చేదువిషమును కలవు. ఎనిమిది పది గంటలు నానవేసి, ఆ నీరు పారబోసి, క్రొత్త నీటిలో మెత్తబడువరకు ఉడికించినచో ఆ దోషములు పోవును. సగము ఉడికినవి తినినచో కడుపునొప్పియు వాంతులును కలుగవచ్చును. చిక్కుడు వాతము చేయునను వాడుక కూడ కొంతవరకు సత్యమే. నానవేసిన నీటిని విడిచి, వెల్లుల్లి, వాము, ఇంగువలలో ఏదైన వేసి వండినచో ఉబ్బరము తగ్గును.

లేతకాయల విషయమున దీనికి విరుద్ధముగా చేయవలెను. ఈనెలు తీసి, కడిగిన తరువాతనే తరిగి, కొద్దినీటిలో మూతపెట్టి ఉడికించవలెను. ఆ నీరు వార్చరాదు. కొందరు కాయలను ఉడికించి పిండి నీరు పారబోయుదురు. రుచి కొరకు చేయు ఆ పని వలన ఫోలిక్ ఆమ్లము, "సి" విటమిను చాలభాగము మురుగు పాలగును.

ఆరునెలలు నిండిన బిడ్డకు, తల్లిపాలు మానక, మెత్తని అన్నములో బాగుగా ఉడికి పొట్టు తీసిన గింజలను మెదిపి, చెంచాడు నూనె కలిపి పెట్టవచ్చును. మొదట రెండు చెంచాలు, అరుగుదల చూచి క్రమముగా ఎక్కువ.

బాకలా, మలేరియా మందు, ఒక రక్తలోపము

ఇక ముందు సూచింపబడిన ప్రమాదము. కొందరి ఎఱ్ఱ రక్తకణములలో జీ-6-పీ-డీ అను ఎంజైము జన్మతః తక్కువగా నుండును. ఈ లోపము తల్లి ద్వారా సంక్రమించును. మగపిల్లలలో ఎక్కువగా బయటపడును. మధ్యభారతపు గిరిజన సముదాయములలో ఇది కానవచ్చుచున్నది. సామాన్యముగా ఈ లోపము గలవారికి ఏ బాధయు ఉండదు. తమకది కలదనియే వారెరుగరు. కాని బాకలా గింజలు తినినచో, అందులోని వైసిన్, కాన్‌వైసిన్ అను పదార్థముల వలన రక్తకణములు ఒక్కసారిగా చిట్లిపోవును. తినిన గంటలనుండి రెండు దినములలోపల మూత్రము నల్లతేనీటి రంగుగా మారును, కన్నులు పచ్చబడును, బిడ్డ పాలిపోయి నీరసించును, జ్వరము, నడుమునొప్పి కలుగును. మధ్యధరా దేశములవారికి ఈ వ్యాధి పురాతనకాలమునుండి పరిచితము. గ్రీకు తత్త్వవేత్త పైథాగరస్ బాకలాను నిషేధించెనని చెప్పుకొను కథకు ఇదియే మూలమై యుండునని కొందరి ఊహ.

కొంటాలో బాకలా పండదు గదా యని తోసివేయరాదు. నూనెలో వేయించి ఉప్పుకారము చల్లిన బాకలా గింజలు పొట్లములుగా పట్టణపు అంగళ్లలో అమ్ముడుపోవుచున్నవి. రహదారి యున్నచోటికి పొట్లము రాకమానదు. వైసిన్ జాతి పదార్థములు చిక్కుడులో లేవు. కావున ఈ భయముతో పందిరి చిక్కుడును మానుట అనవసరము.

ఈ రక్తలోపమునే వెలికితీయు మరియొకటి మలేరియా మందు. ప్రైమాక్విన్ తీసికొన్న కొందరికి రక్తకణములు నశించుటకు కారణము వెదకిన అమెరికా శాస్త్రజ్ఞులు 1956లో ఈ ఎంజైము లోపమును కనుగొనిరి. వైవాక్స్ మలేరియా తిరుగబెట్టకుండుటకు ప్రైమాక్విన్ 14 దినములు ఇచ్చుట మనదేశపు పద్ధతి. గర్భిణులకును, సంవత్సరము నిండని శిశువులకును, జీ-6-పీ-డీ లోపము గలవారికిని దీనిని ఈ విధముగా ఇయ్యరు. 2020 జనవరిలో మలేరియా విముక్త బస్తరు ఉద్యమము ప్రారంభమైన నాటినుండి ఇంటింటికి వచ్చి రక్తపరీక్ష చేసి మందు మ్రింగించుట ఈ ప్రాంతమున జరిగినది. ఆ మందు ప్రాణరక్షకము. దానిని చాటుగా ఉమ్మివేయుట వలన వ్యాధి మరల మరల వచ్చును. చేయవలసినది ఇంతే: మందు వాడుచుండగా మూత్రము నల్లబడినను, కన్నులు పచ్చబడినను ఆ పూటనే మందు ఆపి, ఊరి మితానిన్‌కు తెలిపి, ఆరోగ్యకేంద్రమునకు పోవలెను. ఇంతకుముందు బాకలా తిని గాని, ఏదైన మందు వాడి గాని ఇట్టి బాధ కుటుంబములో ఎవరికైన కలిగియున్నచో, మందు తీసికొనుటకు ముందే ఆ మాట చెప్పవలెను. రక్తపరీక్షలో లోపము తేలినవారు ఆ చీటిని ఆధార్ కార్డుతోపాటు భద్రపరచి, ఏ వైద్యుని యొద్దకు పోయినను చూపవలెను.

విత్తనము

మరుసటి యేటి విత్తనమునకు తీగ మొదటిభాగమున కాచిన, పురుగు లేని కాయలను గుర్తుగా దారము కట్టి విడువవలెను. అవి తీగమీదనే గలగలలాడునంతగా ఎండిన పిదప కోసి, గింజలు తీసి, మరి రెండుదినములు పలుచని ఎండలో ఆరబెట్టవలెను. పంటిక్రింద గింజ పటుక్కున విరిగినచో ఆరినట్లు గుర్తు. వేపాకుగాని, జల్లించిన పొయ్యిబూడిదగాని కలిపి కుండలో పోసి, మూతికి మట్టి మెత్తి, పొయ్యికి పైనున్న అటకమీద ఉంచినచో పొగసెగకు పుచ్చుపురుగు చేరదు. తినుటకు దాచు గింజలను వేరొక కుండలో ఉంచవలెను. లేనిచో వైశాఖము నాటికి కూరగాయల కరవులో విత్తనము కూడ కూరలోనికి పోవును.